సాసరు గుంట

మా నాయన పులులకు నీళ్లు పోసినాడు.

ఈ మాట చెబితే స్టాఫ్‌రూములో నవ్వుతారు. సర్కసులో చేసేవాడా మాస్టారూ అని ఒకాయన అడిగాడు. సర్కసులో కాదు, నల్లమలలో. దోర్నాల దాటినాక, ఎండాకాలం వాగులు ఎండిపోయినప్పుడు, అడవి లోపల సిమెంటుతో కట్టిన సాసరు గుంటలకు ట్రాక్టరు ట్యాంకరుతో నీళ్లు తోలతారు. ఆ ట్యాంకరు మీద కూసోని పోయి, పైపు పట్టి గుంట నింపి వచ్చే కూలి మా నాయన. అంతకు ముందు జనవరి ఆఖరు నుంచి ఫైరు లైన్ల పని. అన్నీ కలిపి ఏడాదికి నాలుగు నెలలు, మంచి ఏడాదయితే ఐదు. మిగతా నెలల్లో పలకల క్వారీ, కంది కోత, మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు వలస. కాగితాల మీద ఆయన పేరు ముందు ఎప్పుడూ ఒకే మాట ఉండేది: సీజనల్.

ఆ అడవి మామూలు అడవి కాదు. 1978లో అభయారణ్యం అన్నారు, 1983లో పులుల ప్రాజెక్టులోకి తీసుకున్నారు. ఐదు జిల్లాల మీద 3,568 చదరపు కిలోమీటర్లు పరుచుకుని దేశంలోనే పెద్దదిగా పేరుపడ్డది. 2014లో రాష్ట్రం విడిపోయినాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 లెక్కకు 48 పులులు, 2022 లెక్కకు 63. పెరిగిన ఆ పదిహేనుకూ మా నాయనలాంటి వాళ్లకూ సంబంధం ఉందని ఏ నివేదికలోనూ రాయరు. రాయమని నేనడగడం లేదు. నేనడిగేది వేరే.

ముందు పని సంగతి చెప్పాలి. చదువుకున్నోళ్లకు ఈ పని తెలియదు. తెలిసినట్టు మాట్లాడతారు గాని తెలియదు.

ఫైరు లైను అంటే బాటకు రెండు పక్కలా, అడవి సరిహద్దు వెంట, గడ్డి కోసి రాలిన ఆకంతా ఊడ్చి ఖాళీ పట్టీ చెయ్యడం. ఊడ్చినదాన్ని మధ్యలోకి లాగి తెల్లారుజామున మంచు తడి ఉన్నప్పుడే కాల్చెయ్యాలి. పొద్దెక్కితే గాలి లేస్తది, మన చేతిలో ఉండదు. మార్చిలో నిజం మంట వచ్చినప్పుడు ఆ ఖాళీ దగ్గరికొచ్చి తినేదానికేం లేక ఆగిపోవాలి. బోదగడ్డి మనిషెత్తు పెరుగుతది, కొడవలి పట్టినోడి చేతులు కోసుకుపోతయ్. మంట లైను దాటిందంటే పచ్చి రెమ్మలు విరిచి కొట్టడమే. నీళ్లుండవు. అప్పట్లో బూట్లూ లేవు. మా నాయన ఎడమ కాలి మీద జానెడు మచ్చ అట్లా వచ్చిందే.

సాసరు గుంట పేరుకు తగినట్టే సాసరు లాగా ఉంటది. లోతు ఉండదు, అంచులు వాలుగా దిగుతయ్. లోతుగా కడితే జింక పిల్ల దిగి ఎక్కలేక చస్తది. ఈ సంగతి నేను 2001 ఎండాకాలం, ఎనిమిదో తరగతికి ముందు సెలవుల్లో, మా నాయన వెంట పోయినప్పుడు తెలుసుకున్నా. గుంట నింపి దూరంగా చెట్టు కింద కూసున్నాం. మొదట తేనెటీగలు వచ్చినయ్, తడి అంచు మీద వరసగా వాలినయ్. తర్వాత పిట్టలు. సాయంత్రానికి దుప్పులు. మా నాయన బీడీ ముట్టించకుండా అట్టే కూసున్నాడు. పొగ వాసనకు అవి రావంట. అన్నేళ్ల పనిలో పెద్దపులిని రెండుసార్లే చూసినాడు. అడుగులు మాత్రం లెక్కలేనన్నిసార్లు. అంచున తడి అడుగు కనపడితే దాని మీద తన చెయ్యి పెట్టి కొలిచేవాడు.

అదే ఎండాకాలంలో మా మాదిగపల్లెలో ఏం జరుగుతుండేదో కూడా చెప్పాలి గదా.

పడమటి ప్రకాశంలో నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. బోరు వేస్తే పడదు, పడితే ఫ్లోరైడు. మా పెద్దమ్మ నలభై ఏళ్లకే నడుం వంగిపోయింది, పళ్లు పసుపుపచ్చ. ఎండలకు బోరు నిలిచిపోతే ప్రభుత్వ ట్యాంకరు వచ్చేది. వచ్చేది ఊళ్లోకి. ముందు బొడ్రాయి పక్క తొట్లు నిండాలి, తర్వాత పెద్దిళ్ల డ్రమ్ములు. పల్లెకు వచ్చేసరికి అడుగున బురద. కొన్నాళ్లు అదీ లేదు. మాయమ్మ రెండు బిందెల కోసం కొట్లాడి చేతి గాజులు పగలగొట్టుకుని వచ్చిన రోజే మా నాయన అడవిలో ట్యాంకరు నిండా నీళ్లు గుంటలో పోసి ఇంటికొచ్చినాడు. ఆమె ఏమీ అనలేదు. ఆయనకు ఖాళీ బిందె చూపించింది.

ఇది మనసులో పెట్టుకుని పెరిగిన పిల్లోడికి మైకు దొరికితే ఏం మాట్లాడతాడు? 2008 ఏప్రిల్ 14న, మార్కాపురంలో ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న రోజుల్లో, జయంతి మీటింగులో దొరికింది. ఈ దేశంలో మాదిగోడిగా పుట్టేకంటే పులిగా పుడితే మేలు, పులికి ట్యాంకరు నీళ్లు, మాకు ట్యాంకరు బురద అన్నా. చప్పట్లు మోగినయ్. ఇంటికొచ్చి నాయనకు గొప్పగా చెప్పినా.

ఆయన అన్నం తింటున్నాడు. చెయ్యి ఆపినాడు.

"పులేం జేసిందిరా నీకు? మన బిందెలో నీళ్లు అదొచ్చి తాగిందా? మన ట్యాంకరు యాడ ఆగిపోతదో నీకు తెలవదా? ఆడ బెట్టు నీ మైకు."

నాకు జవాబు లేదు. బొడ్రాయి కాడ మైకు పెట్టి మాట్లాడే ధైర్యం నాకు లేదు. పులి గురించి మాట్లాడడానికి ధైర్యం అక్కర్లేదు. మీటింగుకు పులి రాదు గదా.

ఆ తర్వాత ఈ సంగతిని చాలాసార్లు తిరగేసి చూసుకున్నా. రెండు దాహాలను పక్కపక్కన పెట్టి పోటీ పెట్టడం మా పల్లెకు లాభం కాదు. పులి గుంట ఎండబెట్టినంత మాత్రాన ఆ నీళ్లు మా బిందెలోకి రావు. వెలిగొండ సొరంగాలకు 1996లో శంకుస్థాపన చేశారు. ఈ పులుల అడవి కిందుగానే తొలిచారు. నీళ్ల కోసం ఎదురుచూడడంలో మా తరం ముగిసింది, పిల్లల తరం మొదలైంది. ఆ ఆలస్యంలో పులి వాటా ఎంత? మా పల్లె బురదలో దాని వాటా ఎంత? మా కోపాన్ని నోరులేని జీవం మీదికి తిప్పితే, ఊరికి అంతకంటే హాయి ఇంకేముంది.

ఇంకో సంగతి మా నాయన నోటితో చెప్పలేదు, నేనే గమనించినా. ఆయన ఆ నీళ్ల పనికి ఇష్టంగా పోయేవాడు. పలకల క్వారీకి అట్లా పోయేవాడు కాదు. ఎందుకు?

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగారు. ఆ చెరువులో పశువులకు అడ్డు లేదు, మనుషులైన అంటరానివాళ్లకే అడ్డు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు అంటరానివాడి మొర మోసుకుపోవడానికి ఆ జీవమే దొరికింది, దానికి గుడిలోకి పోవడానికి అడ్డు లేదు గనక. ఈ రెండూ నేను చదువుకున్నవి. మా నాయన చదువుకోలేదు. కాని ఆయన పోసిన నీళ్లను దుప్పి తాగింది, నెమలి తాగింది, పెద్దపులి తాగింది. ఎవుడు పోసినాడని అడగలేదు. ఊళ్లో ఆయన చెయ్యి తగిలిన బిందెను కడిగేవాళ్లు. అడవిలో ఆయన చేతి నీళ్ల కోసం సాయంత్రం దాకా కాసుకోని ఉండేవి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి తోలు తీసిన మా తాతకు ఊరు అంటు అంటగట్టింది. ఆయన కొడుకు బతికున్న జీవాలకు నీళ్లు పోసినాడు. దీన్ని ఆత్మగౌరవం అందామని ఒకప్పుడు నాకు ఆశ పుట్టింది.

ఇక్కడ ఆపితే బాగుంటది. ఆపలేను.

అదే 2001 సెలవుల్లో, ఫైరు లైను గ్యాంగు దిగినచోట, ట్యాంకరు నుంచి ముందు తాగే నీళ్లు క్యానులోకి పట్టారు. మిగతాది గుంటలోకి. గ్యాంగులో ఎనిమిది మంది, నలుగురు మావాళ్లు. క్యాను మీద బోర్లించిన గ్లాసును మావాళ్లు ముట్టుకోలేదు. ఒకడు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగారు. నేనూ దోసిలి పట్టినా. ఒకటే ట్యాంకరు, ఒకటే నీళ్లు. పైపు పట్టింది మా నాయన. అదే పైపు నీళ్లు క్యానులోకి పోయినాక మైలపడతయ్యంట! కులం మనుషుల వెంట అడవిలోకీ వచ్చింది. దానికి మాత్రం సీజను లేదు, ఏడాది పొడుగునా డ్యూటీయే. జంతువు దగ్గర దొరికిన మర్యాద మనిషి దగ్గర దొరక్కపోతే, అది మర్యాద కాదు, కాసేపు నీడ. మా నాయన ఆ నీడలో కూసున్నాడని నేను తప్పు పట్టను. నీడను చూపించి ఇల్లు ఇచ్చామనే వాళ్లతోనే నా పేచీ.

పేచీ ఆ 'సీజనల్' అనే మాటతో కూడా. 1994లో రోజుకూలీలను పర్మనెంటు చేసే 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు నిరంతరాయంగా పని చేసి ఉండాలన్నారు. మా నాయన 1986 నుంచి పోతున్నాడు. ఏడేళ్లు దాటినయ్యని సంబరపడి ఎవరి చేతనో అర్జీ రాయించుకున్నాడు. నిరంతరాయం అనే మాట దగ్గర ఆగిపోయింది. ఏడాదికి నాలుగు నెలలు పిలిచినవాడిని, మిగతా ఎనిమిది నెలలు నువ్వెక్కడున్నావని అడిగినట్టు. పిలవంది ఎవరు? అడవికి నిప్పు ప్రతి ఏడూ వస్తది, దాహం ప్రతి ఏడూ వస్తది. అవసరం శాశ్వతం, అవసరం తీర్చేవాడు తాత్కాలికం. అన్నల కాలంలో రాత్రి వాళ్లకూ పగలు పోలీసులకూ జవాబు చెప్పుకుంటూ లోపలికి పోయింది కూడా ఈ తాత్కాలికులే.

రాజ్యాంగంలో 51ఎ (జి) పిల్లల చేత నేనే చదివిస్తా. అడవులను, వన్యప్రాణులను కాపాడాలి, ప్రాణుల పట్ల దయ చూపాలి, అది పౌరుడి విధి. 1976లో చేర్చారు. మంచి మాట, నాకు అభ్యంతరం లేదు. దేశం తన దయను రోజుకూలికి ఇచ్చి చేయించుకుంటున్నది. దయగలవాడన్న పేరు దేశానికి, ఎండ మా నాయనకు. దయ చేసినవాడికి బాకీ ఏమన్నా ఉంటదా ఉండదా?

భూమి అడగొచ్చు గదా అంటారు కొందరు మిత్రులు. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. గిరిజనులు కానివాళ్లు మూడు తరాలుగా, 75 ఏళ్లుగా అడవిలో ఉన్నట్టు రుజువు చూపాలి. మా తాత పేరు మీద చెప్పు దెబ్బలు తప్ప కాగితాలు లేవు. అయినా మేం అడవిలో ఉన్నవాళ్లం కాదు, అంచున ఉన్నవాళ్లం. లోపల చెంచులున్నారు. పాలుట్లలో, ఇష్టకామేశ్వరి బాటలో వాళ్ల అడవిని మాదనడం న్యాయం కాదు. మాకు కావలసింది అడవి మీద పట్టా కాదు, పని మీద పట్టా.

నా సంగతీ చెప్పుకోవాలి. 2018 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, మొదటి నెలజీతం నాది. ఎండాకాలం నలభై రోజులు బడికి సెలవులు. సెలవులకూ జీతం పడుతుంది. మొదటి ఏడు మే నెల జీతం పడ్డప్పుడు మా నాయనకు చెప్పినా. "పని లేకపోయినా ఇస్తారా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయినాడు. ఆయనకు పని ఉన్నది ఆ ఎండల్లోనే, ఎండలు పోతే ఆయన పోవాలి. నా సెలవుకున్న హక్కు ఆయన పనికి లేదు. ఈ జీతం ఉద్యమాలు చేసి తెచ్చుకున్న హక్కే, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పరు. కాని ఆ ఆశ్చర్యపోయిన మొహం నాకు మరుపుకు రాదు.

పోయిన ఏడాది మా బడి పిల్లవాడి తండ్రి వచ్చాడు. ఫైరు వాచరుగా చేశాడు, మూడు నెలల కూలి రాలేదు. అర్జీ రాసిపెట్టమన్నాడు. రాసినా. రాసినాక కండక్టు రూల్సు గుర్తొచ్చినయ్. నా దస్తూరీ ఎవరన్నా పట్టుకుంటారేమోనని, పదో తరగతి పిల్లాడి చేత తిరగరాయించి ఇచ్చినా. ఆయన రెండు చేతులతో తీసుకుని దణ్ణం పెట్టాడు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కూలి సగం వచ్చిందంట.

మా నాయన 2015 నుంచి పోవడం లేదు. మోకాళ్లు పోయినయ్. ఆయన నీళ్లు పోసిన గుంటల్లో కొన్నిటికి సోలారు బోర్లు బిగించారు, పైపు పట్టే మనిషి అక్కర్లేదు. మొన్న ఫిబ్రవరిలో సున్నిపెంటలో పెళ్లికి ఇద్దరం శ్రీశైలం బస్సెక్కినాం. దోర్నాల చెక్‌పోస్టు దాటినాక ఆయన కిటికీ పక్కకు జరిగినాడు. బాట పక్కన కొత్తగా ఊడ్చిన లైను కనపడుతున్నది. ఇప్పుడు ఆకు ఊదే మిషన్లు వచ్చినయ్, ఇద్దరు కుర్రోళ్లు భుజాన తగిలించుకుని పోతున్నారు. మాస్కు లేదు, మొహానికి తువ్వాళ్లు.

"అంచున ఆకు అట్నే వొదిలేసినారు సూడు" అన్నాడు. "గాలి తిరిగితే దాటుద్ది."

తుమ్మలబైలు దాటిందాకా అంచులే చూస్తా కూసున్నాడు.