ఉత్తరం రాయలేని వారి రుణం

1940 నవంబరులో నాజీలు వార్సా ఘెట్టోను మూసేశాక, లోపల చిక్కిన యూదులకు బయటి బంధువులతో మిగిలిన ముఖ్యమైన దారి ఉత్తరమే. అదీ సెన్సారు దాటాలి. రెడ్‌క్రాస్ ద్వారా పంపితే 25 మాటలకు మించకూడదు. అందుకే ఆకలి సంగతి దాచి అందరం క్షేమమని రాసేవారు. చావుకు హీబ్రూ మాటనే పేరుగా పెట్టి, ఆ పేరున్న చుట్టం ఎవరో వచ్చినట్టు రాసేవారు. చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ బృందం ఇలాంటి ఉత్తరాలనూ డైరీలనూ పోగుచేసి రేకుపెట్టెల్లో, పాలక్యాన్లలో పాతిపెట్టింది. 1944లో నాజీలు ఆయన్ని చంపేశారు. పెట్టెలు 1946లో, క్యాన్లు 1950లో బయటపడ్డాయి. మనకోసం రాయని ఆ ఉత్తరాలు చదివితే మనం ఏమైనా బాకీ పడతామా? పడతామనే నా నమ్మకం. అయితే ఆ బాకీ కాగితం వల్ల పుట్టేది కాదు. అలాగైతే అక్షరం రాని వాళ్లకు మనం ఏమీ బాకీ లేనట్టే.

తెలంగాణలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్ని చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతుల సాయుధ పోరాటంలో ఇక్కడి కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. నిజాం కొమ్ముకాసిన రజాకార్ల దాడులకు కొందరు సరిహద్దు దాటి కృష్ణా జిల్లా వైపు పోయారు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక పోరాట దళాలు నల్లమల అడవులకు తరలాయి. నిజాం ఏలుబడిలో బడి చదువు ఎక్కువగా ఉర్దూలో, అదీ కొద్దిమందికే. అడవిలో ఉన్న కొడుక్కి తల్లి పంపగలిగింది నోటి కబురే. కాగితం దొరికితే తెచ్చినవాడి ప్రాణానికే ముప్పు. ఆ కబుర్లలో కొన్నయినా మనదాకా వచ్చాయంటే, 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో ఆడవాళ్ల మాటల్ని అచ్చువేయడం వల్ల. ఆ పోరాటంలో పాల్గొన్న కరివిరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం గొంతు అందులో ఉంది. అజ్ఞాతవాసంలో కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి గొంతూ ఉంది.

మూడు దశాబ్దాల తర్వాత చెప్పింది, ఆనాడే రాసిన ఉత్తరంతో సమానమా అని అడగవచ్చు. జ్ఞాపకం మారుతుంది, నిజమే. కానీ క్షేమమని రాసిన ఘెట్టో ఉత్తరం మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పిందా? దాని విలువ సమాచారంలో లేదు, ఒకరు మరొకరిని పిలవడంలో ఉంది. ఆ పిలుపు నోటిమాటలోనూ ఉంటుంది. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: ఒక జాతినే తుడిచిపెట్టాలనుకున్న హత్యాకాండనూ, ఆయుధం పట్టిన రైతుల పోరాటాన్నీ పక్కపక్కన పెట్టడం తగదని. రెండూ ఒకటి కావు, కాలేవు. నేను పోలుస్తున్నది బాధల కొలతను కాదు, విన్నవాడి బాధ్యతను.

రక్తసంబంధం లేనివారి బాధ్యత మనకెందుకన్న వాదన మిగులుతుంది. మన తర్పణంలోనే దీనికి జవాబుంది. పేరు, గోత్రం చెప్పి పితృదేవతలకు నీళ్లు వదిలాక, తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివారి కోసం కూడా చివర ఒకసారి వదులుతారు. యెరూషలేంలో యాద్ వషేమ్ సంస్థ, నాజీల చేతిలో చనిపోయి, తలుచుకునే సంతానమైనా మిగలని వారి పేర్లు సేకరించడం ఇలాంటి పనే. ఆ చివరి నీళ్లకు మతం అడ్డు పెట్టకూడదు. 1948లో యూనియన్ సైన్యం రాకకు పెట్టిన పేరైన పోలీసుచర్య వెనువెంట హైదరాబాదు సంస్థానంలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఘోరాలు ఎక్కువగా జరిగింది ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. రజాకార్ల చేతిలో నలిగిన మన పల్లెల వారసులు ఈ మృతుల కోసం కూడా నీళ్లు వదలాలి. వదలడం కష్టమని నాకు తెలుసు; అయినా ఇందులో మినహాయింపు అడిగే హక్కు మనకు లేదు.