‘ఆడుకో’లో ఉన్న ‘కో’

నాలుగేళ్ల కిందట మా మేనకోడలు పై చదువుకి విదేశం వెళ్తూ తన పిట్టని నా దగ్గర వదిలి వెళ్లింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అత్తా, నువ్వు రిటైరయ్యావు కదా, దీన్ని రోజూ కాస్త ఆడించు" అంది. ఆ ‘ఆడించు’ అన్న మాటనే పట్టుకుని దాదాపు ఏడాది పాటు ఆ పిట్టని బాధపెట్టాను.

దాని పేరు పండు. బూడిద రంగు ఒళ్లు, పసుపుపచ్చ మొహం, బుగ్గల మీద వేలితో అద్దినట్టు చెరో నారింజ రంగు చుక్క, తల మీద తురాయి. పుస్తకాల్లో కాకటీల్ అని ఉంటుంది. మా రాజమండ్రిలో పిట్టలమ్మేవాళ్లు కాక్‌టెయిల్ అంటారు. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉండే ఎండు నేలల చిలక. మన రామచిలకని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పండు పంజరంలోనే పుట్టిన పరదేశపు పిట్ట కాబట్టి చట్టం దాన్ని పట్టించుకోలేదు. చట్టం పట్టించుకోనంత మాత్రాన సరిపోతుందా అన్నది రోజూ పొద్దున్నే పంజరం మీద దుప్పటి తీసేటప్పుడు నాకు ఎదురయ్యే ప్రశ్న.

మొదటి వారంలోనే బజారుకెళ్లి బొమ్మలు కొన్నాను. గంట, నిచ్చెన, అద్దం, రంగుల పూసల దండ. అన్నీ పంజరం పైకప్పుకి వేలాడగట్టాను. మన ఇళ్లలో పసిపిల్లల ఉయ్యాలకి గుడ్డ చిలకలు కడతాం కదా, చేతులాడిస్తూ వాటిని చూసి బిడ్డ కేరింతలు కొడుతుంది. ఈసారి బొమ్మలు కట్టేది చిలకకే కదా అనుకుని మురిసిపోతూ కట్టాను. పండు మాత్రం పంజరం చివరి మూలకి జరిగిపోయి, ఈకలన్నీ ఒంటికి బిగబట్టి, తురాయి నిట్టనిలువుగా లేపి కదలకుండా నిలబడింది. సాయంత్రం దాకా గింజ ముట్టలేదు. నేనేమో గంట మోగిస్తూ, పూసల దండ దాని మొహం ముందు ఊపుతూ, "ఆడుకో నాన్నా, ఆడుకో" అని బతిమాలుతూనే ఉన్నాను. చివరికి అది తురాయి వెనక్కి వాల్చి పాములా బుస కొట్టింది.

అద్దంతో కొన్నాళ్లకి స్నేహం చేసింది. అది స్నేహం కాదని తర్వాత తెలిసింది. అందులోని పిట్టని తన జోడీ అనుకుని, రోజంతా దాని ముందే కూర్చుని ఈలలు వేసేది. నేను చెయ్యి పెడితే పొడిచేది. ఎంత పిలిచినా బదులు పలకని ఆ జోడీ ముందు దాన్ని అలా చూడలేక అద్దం తీసేశాను. పూసల దండ ఇంకా ఘోరం చేసింది. ఒకరోజు మధ్యాహ్నం నేను నిద్రలేచేసరికి దాని నైలాను దారం కాలివేలికి చుట్టుకుని పండు తలకిందులుగా వేలాడుతోంది. కత్తెరతో దారం తెంచి అరచేతిలో పట్టుకుంటే, దాని గుండె నా వేళ్లకి తగులుతూ కొట్టుకున్న వేగం ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

ఆ రోజు బొమ్మలన్నీ తీసేసి, ఖాళీ పంజరం ముందు చాలాసేపు కూర్చున్నాను.

31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. క్రియకి ‘ఇంచు’ చేరిస్తే ప్రేరణార్థకం, ‘కొను’ చేరిస్తే ఆత్మార్థకం అని ఎన్ని వందల మందికి చెప్పానో! చేయించు, చేసుకొను. తినిపించు, తినుకొను అనం కానీ, వండుకొను అంటాం. ఆడించు, ఆడుకొను. ఆడించడంలో పని ఒకరిది, ఇష్టం ఇంకొకరిది. ‘వాడు ఆడించినట్టల్లా వీడు ఆడుతున్నాడు’ అంటే అందులో ఆట ఎక్కడుంది? ఆడుకోవడంలో ఆ చివరి ‘కో’ తనకోసం, తన ఇష్టానికి అని చెప్తుంది. నేను నోటితో ‘ఆడుకో’ అంటూ చేత్తో ‘ఆడిస్తున్నాను’. పిట్టకి వ్యాకరణం రాదు గానీ ఆ తేడా మాత్రం నాకన్నా బాగా తెలిసింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, ఇది రాయడం నాకు తేలిక కాదు. పదో తరగతి పిల్లల ఆటల పీరియడ్‌ని పాఠాలు పూర్తికాలేదని డ్రిల్లు మాస్టారిని అడిగి తీసుకునేదాన్ని. బంతి చంకలో పెట్టుకుని బయల్దేరిన పిల్లలు మళ్లీ బెంచీల్లో కూర్చునేవారు. వాళ్లకి మేలు చేస్తున్నాననే నమ్మాను. ఇప్పుడు ఆ మొహాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకి వస్తున్నాయి.

భయం ఉన్నచోట ఆట పుట్టదు. ఇది పండు దగ్గరే నేర్చుకున్నాను. చిలక అంటే ఏ క్షణానైనా గద్ద నోట పడగల ప్రాణి. కొత్తగా కనబడ్డ ప్రతిదాన్నీ ముందు శత్రువుగా చూసిన పిట్టలే బతికి, పిల్లల్ని కన్నాయి. పుట్టుకతో వచ్చిన ఆ జాగ్రత్త పంజరంలో పుట్టినంత మాత్రాన పోదు. అందుకని బొమ్మని తెచ్చి పంజరంలో కట్టడం మానేశాను. ఓ చిన్న వెదురు ముక్క తెచ్చి గది అవతలి కిటికీలో పెట్టాను. మూడోనాటికి పండు దాన్ని చూసి తురాయి లేపడం మానేసింది. అప్పుడు బల్ల మీదికి, తర్వాత కుర్చీ మీదికి, ఆపైన పంజరం పక్కకి జరిపాను. తురాయి నిటారుగా లేస్తే ఒక అడుగు వెనక్కి. సగం వాలి ఉంటే ఉన్నచోటే. 12 రోజులు పట్టింది. ఆ 12 రోజుల్లో నేను చేసిందల్లా కాదనే హక్కు దానికి ఇవ్వడమే.

అయినా అది వేలాడగట్టిన దేనితోనూ పెద్దగా ఆడదు. ఎందుకో ఆ జాతి గురించి చదివితే తెలిసింది. కాకటీళ్లు గుంపులుగా ఎగురుతూ, నేల మీద దిగి, గడ్డి గింజలు ఏరుకు తినే పిట్టలు. వాటి సరదా అంతా కిందే, నేను మాత్రం ఉయ్యాల బిడ్డకి కట్టినట్టు పైన కట్టాను. వెంటనే కొత్త వెదురు చేట ఒకటి కొనుక్కొచ్చి నేల మీద పెట్టాను. అందులో చింపిన తెల్లకాగితాలు, తాటాకు ముక్కలు, వేపపుల్లలు పోసి, అడుగున కొర్రకంకి రెండు ముక్కలు దాచాను. షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లో పెట్టి అమ్మేది మన కొర్రకంకినే. అడవిలో చిలక గంటల తరబడి తిండి వెతుక్కుంటుంది. మనం గిన్నెలో గింజలు పోస్తే పది నిమిషాల్లో కడుపు నిండుతుంది. మిగతా పగలంతా ఏం చేయాలి? చాలా పెంపుడు చిలకలు తమ ఈకలు తామే పీక్కునే దాకా పోవడానికి ఈ ఖాళీ కూడా ఒక కారణం. బొమ్మ అని మనం అనేది దానికి పోయిన పనిని తిరిగి ఇవ్వడమే.

చేట దగ్గరికి మొదట రాలేదు. అప్పుడు అలెక్స్ సంగతి పనికొచ్చింది. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో ఓ పెంపుడు జంతువుల షాపులో కొన్న ఆఫ్రికా బూడిద చిలక అది. 2007లో చనిపోయే దాకా ఆమె దగ్గరే నేర్చుకుంది. నేర్పే పద్ధతిలో మనుషులు ఇద్దరు ఉండేవారు. ఒకరు వస్తువు చూపించి అడిగితే రెండోవారు దాని పేరు చెప్పి, ఆ వస్తువునే బహుమతిగా అందుకునేవారు. చిలక పక్కన కూర్చుని చూసేది, తనకీ కావాలని ముందుకొచ్చేది. కాగితం అంటే కాగితమే దొరికేది, కొరికి చింపుకోవడానికి. న్యూజిలాండ్ కొండల్లోని కియా చిలకల మీద 2017లో వచ్చిన పరిశోధన కూడా అలాంటిదే. ఆడుకునేటప్పుడు అవి చేసే ఓ ప్రత్యేకమైన కూతని రికార్డు చేసి వినిపిస్తే, విన్న కియాలు అప్పటికప్పుడు ఆటకి దిగాయి. ఒంటరిగా ఉన్నవి కూడా. ఆట ఒకరు చూపిస్తే ఇంకొకరికి అంటుకునేదన్నమాట.

కాబట్టి నేనే నేల మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పితో కష్టమే. పండు వైపు చూడకుండా, ఒక వైపు అచ్చు లేని పాత పరీక్ష కాగితాలు తీసుకుని సన్నగా చింపడం మొదలుపెట్టాను. చర్‌ర్‌మని చప్పుడు. ఇంకోటి. మొదట దాన్ని పిలవాలనే ఉంది, తర్వాత నిజంగానే ఆ చింపడంలో పడిపోయాను. ఎంతకాలమైందో ఏ ప్రయోజనమూ లేని పని చేసి! నాలుగోనాడు పండు టపటపమని దిగి వచ్చి, నా చేతిలోని కాగితం రెండో కొస పట్టుకుంది.

అప్పటి నుంచి ఆపలేదు. కాగితం అంచు వెంబడి ముక్కుతో చిల్లులు పొడుచుకుంటూ పోతుంది, తాటాకుని ఈనె దాకా చీలుస్తుంది, వేపపుల్ల బెరడు ఒలిచి పారేస్తుంది. ఏదీ మిగలదు. బొమ్మ పాడైపోతుందని బాధపడే అలవాటు నాది. చిన్నప్పుడు మా ఇంట్లో కొండపల్లి బొమ్మలు ఏడాదికోసారి దసరాకి పెట్టెలోంచి తీసి, చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేవాళ్లం. పండుకి పాడుచేయడమే ఆట, ముక్కలే ఫలితం. సాయంత్రం ఆ చెత్త ఊడుస్తుంటే ఆ పిట్ట పగలు ఎలా గడిచిందో నాకు తెలుస్తుంది.

కానీ చేట నిండినంత మాత్రాన పంజరం మాయం కాదు. గోల్కొండ చెరలో రామదాసు 12 ఏళ్లు మగ్గడానికి కారణం, వెనకటి జన్మలో ఓ చిలకని పంజరంలో పెట్టడమేనని మన పెద్దలు చెప్తారు. తరగతిలో నేను ఆ మాటని ఒక్క వాక్యంలో దాటించేసేదాన్ని. ఇప్పుడు లెక్క వేసుకుంటాను. బాగా చూసుకుంటే కాకటీల్ 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. పండుకి ఆరు. నాకు 64. వదిలేయమంటారు కొందరు. ఇక్కడి ఆకాశం దానికి తెలియదు, కాకులూ గద్దలూ తెలియవు, తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. వదిలేస్తే చంపినట్టే. రోజూ పొద్దున ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి, హాల్లో గంటసేపు ఎగరనిస్తాను. అంతకన్నా చేయగలిగింది లేదు. అది చాలదని నాకు తెలుసు.

మా వీధిలో పిల్లలు పండుని చూసి తమకీ ఒకటి కొనిపెట్టమని ఇంట్లో పేచీ పెడుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు వచ్చి అడిగితే ఒకే మాట చెప్తున్నాను, కొనకండి. ఇంట్లో ఇప్పటికే పిట్ట ఉన్నవాళ్లని మాత్రం ఒకటి కోరుతున్నాను. ఈ సాయంత్రం ఓ తెల్లకాగితం తీసుకుని, పంజరానికి కాస్త ఎడంగా కూర్చుని, దాన్ని పిలవకుండా, మీకోసమే చింపుకోండి.