మీరంతా ఏరీ?

పెన్నాగరం నుంచి హొగెనకల్‌కు 20 కిలోమీటర్లు కూడా లేదు. అయినా మోకాళ్ల నొప్పులతో మా అమ్మ ఆ జలపాతం చూసి చాలా ఏళ్లయింది. మొన్న సెలవులకు వచ్చిన మా అబ్బాయి, సెల్‌ఫోన్ అమర్చిన ఒక అట్టపెట్టెను అవ్వ కళ్లకు ఆనించి పట్టుకున్నాడు. అందులో రెండు కటకాలు. రెండు కళ్లకూ కొద్ది తేడాతో రెండు బొమ్మలు. వాటిని కలిపి లోతు కల్పించుకునేది మన మెదడే. తల తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది.

అమ్మ కావేరిని చూసి చేతులు జోడించింది. తర్వాత గాలిలో తడుముతూ, "నీళ్లు బాగానే ఉన్నాయిగానీ, మీరంతా ఏరీ?" అంది. మేం పక్కనే ఉన్నాం.

ఆ మాట నన్ను వదల్లేదు. కామర్స్ చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునే నాకు యంత్రాల సంగతి అంతంతమాత్రం. అయినా చదివి కొంత తెలుసుకున్నాను. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ చేసిన యంత్రాన్ని తలకు తగిలించడానికి పైకప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. 1992లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు వేరే దారి పట్టి, గది గోడలనే తెరలు చేశారు. దాని పేరు కేవ్, అంటే గుహ. కళ్లద్దాలు పెట్టుకుని నలుగురూ కలిసి లోపల నిలబడవచ్చు. కాని దృశ్యం సరిగ్గా అమరేది ఒక్కరి చూపుకే. తక్కినవారు ఆయన కంటితో చూడవలసిందే. 2024లో ఆపిల్ సంస్థ అమ్మకానికి పెట్టిన విజన్ ప్రోలో, ధరించినవారి కళ్ల బొమ్మ ముందరి అద్దం మీద ఎదుటివారికి కనిపిస్తుంది. అంటే చేసినవారికీ అమ్మ ప్రశ్న తగిలిందన్నమాట.

కనుక ఇంట్లోకి ఏది తేవాలన్నది ధర ఒక్కటే తేల్చే విషయం కాదు. తోలుబొమ్మలాటలో తెర చిన్నది, భ్రమ తక్కువ. కాని పక్కవాడి ముఖం కనిపిస్తుంది. భ్రమ పెరిగేకొద్దీ పక్కవాడు మాయమైతే, ఆ నష్టాన్ని ఏ ఖాతాలో రాయాలి?

అలాగని పెట్టెను తప్పుపట్టను. మంచం పట్టినవారికి అది వరమే. తప్పు నాది. అమ్మ ముఖంలో సంతోషం చూడగానే, 'ఇక తీసుకెళ్లే పని తప్పింది' అనుకున్నాను. చెక్కు చేతికిచ్చినంత మాత్రాన బాకీ తీరదని, అది చెల్లినప్పుడే తీరుతుందని రోజూ పదిమందికి చెప్పేవాణ్ణి!

వచ్చే ఆదివారానికి కారు మాట్లాడాను. అమ్మ దిగలేకపోతే కారులోనే కూర్చుని నీటి చప్పుడు వింటుంది. చెయ్యి చాపితే మేం తగులుతాం.