గెలిచాం, అంటే ఎవరం?

తెలుగులో 'మేము' అంటే ఎదుటివాణ్ణి గడప అవతల నిలబెట్టి చెప్పే మాట. 'మనం' అంటే ఎదుటివాణ్ణి లోపలికి పిలిచి చెప్పే మాట. మా ఇళ్ళల్లో మాట్లాడుకునే ఉర్దూలో ఈ తేడా లేదు. అక్కడ రెండింటికీ 'హమ్' ఒక్కటే. అయితే తెలుగులోనూ ఒకచోట ఈ గడప చెరిగిపోతుంది. సర్వనామం వదిలేసి వట్టి క్రియ ఒక్కటే పలికినప్పుడు. 'గెలిచాం' అంటాం. మేము గెలిచామా, మనం గెలిచామా, ఆ ఒక్క మాటను బట్టి ఎవరికీ తెలియదు. ఆ కేక వేసినవాడికి ఆ క్షణంలో తెలుసుకోవాలనీ ఉండదు. తెలుసుకోవాల్సిన పని తర్వాత వస్తుంది. మేం మాట్లాడదలచింది ఆ తర్వాతి సంగతి గురించే.

2019 నవంబర్ 2న గచ్చిబౌలి స్టేడియంలో ఈ కేక హోరెత్తింది. ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాద్ ఎఫ్.సి. జట్టుకు అది మొదటి సీజను. సొంత గడ్డ మీద మొదటి ఆట. అంతకుముందు బయటి ఊళ్ళలో ఆడిన రెండు ఆటలూ ఓడిపోయి వచ్చింది. కలకత్తాలో ఏటీకే 5-0తో చిత్తు చేసి పంపింది. ఈ ఆటలోనూ ముందు కేరళ బ్లాస్టర్స్ వాళ్ళే గోల్ కొట్టారు. రెండో సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. తర్వాత మార్సెలిన్యో ఫ్రీకిక్ వలలో పడింది. 2-1. ఒకతను ఆస్ట్రియా వాడు, ఇంకొకతను బ్రెజిల్ వాడు. 'గెలిచాం' అన్నవాళ్ళు మాత్రం హైదరాబాదు వాళ్ళు. సికింద్రాబాదు వాళ్ళు, పాతబస్తీ వాళ్ళు, బొల్లారం వాళ్ళు. పక్క సీటు మనిషి పేరేమిటో తెలియకుండానే భుజాల మీద చేతులు వేసుకున్నవాళ్ళు.

ఆ సీజను ఎలా ముగిసిందో కూడా చెప్పుకోవాలి. 18 ఆటల్లో రెండే గెలుపులు. పది జట్లలో పదో స్థానం. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ నవంబర్ రాత్రి ఖుషీ అంతా వృథా అయిపోయినట్టేనా? దాని కోసం గొంతు చించుకున్నవాళ్ళు పిచ్చివాళ్ళా?

పిచ్చివాళ్ళే అనేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. మా పెద్దలు, 'బంతిని తన్నింది వాళ్ళు, అరిచింది మీరు, మధ్యలో అసర్ నమాజు పోయింది' అంటారు. మా సెక్యులర్ మిత్రులు, 'కంపెనీలు కొన్న జట్టుకు జనం జేజేలు కొట్టడం ఒక మత్తు' అంటారు. రెండు మాటల్లోనూ నిజం లేకపోలేదు. కానీ ఇద్దరూ ఒకే సంగతి వదిలేస్తున్నారు. సీజను మొదటి గెలుపుకి జనం చేసుకునే పండగ ఫలితానికి ఇచ్చే బహుమానం కాదు. ఫలితం ఇంకా రానే లేదు. కప్పు ఎవరిదో తెలియదు. అయినా మనిషి లేచి నిలబడి 'గెలిచాం' అంటాడు. అంటే, 'ఈ జట్టుకు ఏం జరిగినా అందులో నాకూ వాటా ఉంది, రాసుకోండి' అని చెబుతున్నాడు. అది లెక్కల మాట కాదు, తన పేరు తను నమోదు చేసుకునే మాట. ఆ నమోదుకి కాగితం అడగరు. తాత ఎక్కణ్ణించి వచ్చాడో అడగరు. గొంతు ఒక్కటి చాలు.

ఇలాంటి నమోదు మాకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆలోచించి చెప్పండి.

మా బొల్లారం కంటోన్మెంటు ఊరు. ఒకపక్క రాష్ట్రపతి నిలయం ప్రహరీ, ఇంకోపక్క మిలిటరీ తీగల కంచె. మధ్యలో బజారు, మసీదు, చర్చి, గుడి. నిజాం పేరు మీద ఇంగ్లీషువాళ్ళు నడిపిన హైదరాబాద్ కంటింజెంటు సైన్యానికి ఒకప్పుడు ఇది ముఖ్యమైన ఠాణా. ఇక్కడ రోడ్డు మీద నలుగురూ కలిసి గొంతెత్తడం ఎప్పుడూ అనుమతితో కూడిన వ్యవహారమే. 1855లో బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ ఆదివారం పూట మొహర్రం ఊరేగింపు తీయొద్దని హుకుం జారీ చేశాడు. ఊరేగింపు ఆగలేదు. అది తన బంగళా ముందుకు వచ్చేసరికి అతను అడ్డం పడ్డాడు. అతని కిందనే పనిచేసే సిపాయీలు అతని మీద కత్తులు దూశారు. తీవ్రంగా గాయపడి బతికి బయటపడ్డాడు. ఆ కత్తుల్ని మేం మెచ్చుకోవడం లేదు. కానీ ఆ హుకుం వెనకున్న ఆలోచన మాకు బాగా పరిచయం. మీ సంతోషమైనా మీ దుఃఖమైనా ముందు మాకు అర్జీ పెట్టుకోండి, తర్వాత రోడ్డెక్కండి. దొరలు పోయారు గానీ ఆ ఆలోచన పోలేదు.

ఈ కంటోన్మెంటు మైదానాల్లోనే ఫుట్‌బాల్ కూడా పెరిగింది. గోరా పల్టన్లు ఆడుతుంటే కంచె బయట నిలబడి చూసినవాళ్ళ పిల్లలు ఆట నేర్చుకున్నారు. మా పొరుగునే ఉన్న అమ్ముగూడలో 1936లో తులసీదాస్ బలరాం పుట్టాడు. తమిళ కుటుంబం, లేనివాళ్ళు. అతని ఆట చూసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ రమ్మన్నారు. అంతదూరం రోజూ వచ్చిపోవడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకి డబ్బులు రహీం సాబే ఇచ్చేవారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రహీం సాబ్ బడిపంతులు. ఉస్మానియాలో చదివిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, తర్వాత దేశం జట్టుకూ కోచ్.

సంవత్సరాలు కాస్త దగ్గర పెట్టుకుని చూడండి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. ఆ రోజుల్లో మా ఖౌమ్ మీద ఏం జరిగిందో పల్లెలకు తెలుసు, బావులకు తెలుసు. రెండేళ్ళకు 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు తెచ్చింది. బయట 'హైదరాబాద్ ముసల్మాన్' అంటే రజాకారు అని చూసే కాలంలో ఆ జట్టు మైదానంలోకి దిగి ఆడింది. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, బలరాం, పీటర్ తంగరాజ్, ఇలా హైదరాబాద్ మట్టిలో ఆడిన కాళ్ళు ఆ జట్టులో ఎన్నో.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. అదే కొరియాను సెప్టెంబర్ 4న ఫైనల్లో 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని వ్యవహారంలో మనవాళ్ళ అధికారి అన్న మాటల మీద కోపంతో స్టేడియం నిండా జనం మన జట్టును గేలి చేశారు. ఆ హోరులో మన జట్టు కోసం చప్పట్లు కొట్టింది అక్కడున్న పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని ఆనాడు ఆడినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఇండియా గెలవాలని అరిచిన ఆ పాకిస్తానీయులు దేశద్రోహులా? ఆ ప్రశ్న వేస్తేనే నవ్వొస్తుంది. మరి అదే ప్రశ్న మమ్మల్ని అడిగినప్పుడు ఎవరికీ నవ్వెందుకు రాదు?

మా బస్తీల్లో క్రికెట్ రోజున ఏం జరుగుతుందో చెప్పాలి. ఇండియా, పాకిస్తాన్ ఆడుతుంటాయి. హోటల్లో టీవీ ముందు కూర్చున్న మా కుర్రాళ్ళను ఎవరో ఒకరు గమనిస్తుంటారు. ఇండియా ఫోరు కొడితే ఎంత గట్టిగా అరిచారు? వికెట్ పోతే మొహం ఎలా పెట్టారు? ఎక్కడో టపాకాయ పేలితే, అది పెళ్ళి బరాత్‌దే అయినా, మరుసటి రోజు ఆ చప్పుడు మా గల్లీ పేరు మీద జమ అవుతుంది. ఇది ఒక్క మన దేశపు జబ్బే కాదు. 1990లో ఇంగ్లండులో నార్మన్ టెబ్బిట్ అనే నాయకుడు వలస వచ్చినవాళ్ళు క్రికెట్‌లో ఏ జట్టును సమర్థిస్తారో చూడాలన్నాడు. 2018లో జర్మనీ ఆటగాడు మెసూత్ ఓజిల్, గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాణ్ణి అయిపోతున్నానని చెప్పి దేశం జట్టులోంచి తప్పుకున్నాడు. 2021 అక్టోబర్‌లో ఇండియా ఓడిపోయిన రాత్రి తర్వాత ఆగ్రాలో ముగ్గురు కాశ్మీరీ ఇంజినీరింగ్ విద్యార్థుల్ని సంబరం చేసుకున్నారని అరెస్టు చేశారు. బెయిలు రావడానికి నెలలు పట్టింది. అదే ఆటకు మన దేశం తరఫున చెమటోడ్చిన మహమ్మద్ షమీని గద్దార్ అన్నారు. అరిచినా తప్పే, ఆడినా తప్పే అయితే మనిషి ఎక్కడికి పోవాలి?

ఇక్కడ ఒక నీతి ప్రశ్న ఉంది. ఒక మనిషి సంతోషాన్ని సాక్ష్యంగా అడగవచ్చా? అడిగిన క్షణమే అది సంతోషం కాకుండా పోతుందని మేం అంటాం. పరీక్షకు భయపడి కొట్టిన చప్పట్లలో ఖుషీ ఉండదు, హాజరు పట్టీ ఉంటుంది. వఫాదారీ గుండెల్లో ఉండాల్సింది, దాన్ని గొంతులో వెతికేవాడికి నటన తప్ప ఇంకేం దొరకదు. పైగా ఈ పరీక్ష అందరికీ లేదు. ఆట చూడకుండా నిద్రపోయే హక్కు మా పక్కింటాయనకు ఉంది. 'ఎవడు గెలిస్తే నాకేం' అనే హక్కు ఆయనకు ఉంది. మాకు లేదు. దేశంలో సమానత్వం ఎంతుందో కొలవాలంటే ఉద్యోగాలు, ఇళ్ళు, లాకప్పులు లెక్కపెట్టడంతో పాటు ఇది కూడా లెక్కపెట్టండి: ఒక మనిషికి పట్టించుకోకుండా ఉండే స్వేచ్ఛ ఎంతుంది?

ఇప్పుడు మా వాళ్ళతో ఒక మాట. ఇలా నిలదీసినప్పుడల్లా మనం జేబులోంచి ఒక జాబితా తీస్తాం. రహీం సాబ్ మనవాడే కదా, 1970లో ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ నయీముద్దీన్ మనవాడే కదా, హబీబ్ మనవాడే కదా అంటాం. గర్వపడటంలో తప్పులేదు. మరిచిపోయిన పేర్లను మళ్ళీ పలకడం అవసరం కూడా. 2024లో రహీం సాబ్ మీద 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఆయన పేరు తెలియని హైదరాబాదీలు ఎందరో. కానీ ఆ జాబితాను రసీదులా చూపించడం మొదలుపెడితే రెండు నష్టాలున్నాయి.

ఒకటి, పతకం తెచ్చినవాడికే వతన్‌లో వాటా అని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. బొల్లారం బజారులో పంక్చర్లు వేసే మనిషి ఏ పతకం తేలేదు. అతని బేటీ ఏ ర్యాంకూ తేలేదు. వాళ్ళు ఎవరి రసీదు చూపించాలి? ఏ ఘనతా లేకుండా మామూలుగా బతికే హక్కే అసలైన హక్కు. రెండోది, జాబితాలో మన పేర్లు మాత్రమే ఏరుకుంటే రహీం సాబ్ జట్టు ముక్కలవుతుంది. అమ్ముగూడ బలరాం ఎక్కడికి పోతాడు? గోల్ దగ్గర కొండలా నిలబడ్డ తంగరాజ్ ఎక్కడికి పోతాడు? రహీం సాబ్ సైకిలు అద్దె ఇచ్చేటప్పుడు ఆ కుర్రవాడి మజహబ్ అడగలేదు. గెలుపు రాకముందే, ఆ కుర్రవాడు ఏమవుతాడో తెలియకముందే, అతన్ని 'మనం'లో కలుపుకున్నారు. మన దగ్గర ఉన్న 'గెలిచాం'ను మనమే 'మేము గెలిచాం' అని కుదించుకుంటే, ఎదుటివాడు చేసే పనినే మనమూ చేసినట్టు.

గచ్చిబౌలి జట్టు సంగతి ముగించాలి. పదో స్థానంలో ఉన్న ఆ జట్టే 2022 మార్చి 20న గోవాలో కేరళ మీద ఫైనల్ గెలిచింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. అతను గోవా వాడు. ఆ రాత్రి హైదరాబాదుకు అతను 'మన కట్టిమణి'. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. యజమానులకు ఊరు మార్చుకోవడం ఒక సంతకం పని. 'గెలిచాం' అన్నవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు. పొమ్మన్నా పోవడానికి వాళ్ళకు వేరే ఊరు లేదు. మాకూ లేదు.

తెలుగులో 'ఓడిపోయాం' అన్న మాటకు కూడా అదే గుణం ఉంది. అందులోనూ మేమో మనమో తెలియదు. మొదటి ఆట గెలిచిన రాత్రి అందరూ కలుస్తారు. అది సులువు. జకార్తాలో మొదటి ఆట ఓడిన సాయంత్రం రహీం సాబ్ జట్టులో ఆ తప్పు నీ ఖౌమ్‌దని ఒకరి వైపు వేలు లేచి ఉంటే ఫైనల్ దాకా వెళ్ళేవాళ్ళు కాదు. ఓడిన రోజున షమీ మొహంలోకి చూసి 'ఓడిపోయాం' అనగలిగినవాడికే, గెలిచిన రోజున 'గెలిచాం' అనే హక్కు ఉంది. ఆ హక్కు మా దగ్గర ఉంది. మీ దగ్గరా ఉంటే, ఈసారి సీజను మొదటి ఆటకు రండి. పక్క సీట్లో ఎవరున్నారో అడక్కుండా కూర్చుందాం.