ఊరికే

‘ఊరికే’ అనే మాటకు మన భాషలో రెండు అర్థాలు. డబ్బివ్వకుండా అని ఒకటి, పని లేకుండా అని ఇంకొకటి. 2024 జనవరిలో మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వస్తున్న పల్లెవెలుగు బస్సులో ఒక పెద్దమనిషి ఈ రెండర్థాలనూ ఒక్క వాక్యంలో కలిపేశాడు. “ఊరికే ఎక్కిచ్చుకుంటుండ్రు, అందుకే ఊరికే తిరుగుతుండ్రు.” సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డ కోపం ఆయనది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలై అప్పటికి నెల దాటింది. బస్సులో ముప్పాతిక మందిమి ఆడవాళ్లమే. ఒక్కరమూ మాట్లాడలేదు. నా చేతిలోనూ జీరో టికెట్ ఉంది. కానీ నేను కాలేజీలో పాఠం చెప్పి ఇంటికి పోతున్నదాన్ని. నాది పని మీద ప్రయాణం కదా, ఆ మాట నాకు తగలదులే అనుకున్నాను.

అట్లా అనుకోవడంలోనే తప్పుందని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ లేదు. చీకటి పడ్డాక వచ్చింది. “యాడికి పోయినవే? ఏం పనుండె?” అని అడిగాను. “మోకాళ్లు గుంజుతుంటే పాలమూరు దవాఖానకు పోయొచ్చిన బిడ్డా” అంది. చీటీ ఏదంటే పారేసిన అంది. మందులేవంటే రాయలేదు అంది. మర్నాడు ఉతకడానికని ఆమె సంచి దులిపితే ఉడకబెట్టిన పల్లికాయల పొట్టు రాలింది. నూనె పీల్చిన కాగితం ఒకటి, రెండు జీరో టికెట్లు దొరికాయి. టికెట్లు మహబూబ్‌నగర్‌వి కావు, కల్వకుర్తివి. జడ్చర్ల నుంచి అదొక దిక్కు, ఇదొక దిక్కు.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. అబద్ధం చెప్పినందుకు నాకు బాధ కలగలేదు. ఏ అబద్ధాన్ని ఎంచుకుందో అది బాధపెట్టింది. నా ముందు సంతోషంగా కనిపించడం కన్నా రోగిష్టిగా కనిపించడమే ఆమెకు క్షేమమనిపించింది. రోగానికి సంజాయిషీ అక్కర్లేదు, మిరపకాయ బజ్జీకి కావాలి. ఆ సంజాయిషీ అడిగే అధికారి ఇప్పుడు మా నాన్న కాదు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. అన్న కాదు, అతను వేరే ఊళ్లో ఉంటాడు. అధికారిని నేను.

పాలమూరు ఆడవాళ్లు ప్రయాణాలు ఎరగనివాళ్లు కారు. ఈ జిల్లా కూలీలు మట్టి మోయని ప్రాజెక్టు లేదని దేశమంతా చెప్పుకున్నారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లనూ ఇంటినీ ఊళ్లో వదిలి, మొగుడూ పెళ్లాలు లారీలెక్కి పోయేవాళ్లు. మా అమ్మ పెళ్లయిన ఏడాదికే అట్లా మహారాష్ట్ర పోయింది. మా అన్న కాలవ గట్టు మీద, గుడిసెలో పుట్టాడు. చిన్నప్పుడు ఒకసారి “పూణె చూసినవానే?” అని ఆశగా అడిగాను. “చూసుడేంది? మట్టి మోసిన” అంది. ఆమె తిరిగిన దూరం నేను ఇప్పటిదాకా తిరగలేదు. కానీ అందులో ప్రయాణమని ఆమె ఒప్పుకున్నది ఒక్క మైలు కూడా లేదు.

వలస కాకుండా మిగిలిన కదలికలకు మన ఇళ్లలో లెక్క ఉంది. కాన్పు, చావు, పెళ్లి, దవాఖాన, దేవుడు. ఈ అయిదింటిలో ఏదో ఒకటి చెప్పాలి. మా దగ్గర గంగాపురం చెన్నకేశవస్వామి జాతరకు ఆడవాళ్లు ఏడాదంతా ఎందుకు ఎదురు చూస్తారో దేవుడికి తెలియకపోదు. గాజులు, మరమరాలు, రంగులరాట్నం, పుట్టింటి ఊరి మనుషులు. దేవుడి పేరు చెప్పి సంతోషపడటం మనకు వచ్చిన పాత విద్య. మగవాళ్లకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. బాదేపల్లి మార్కెట్ దగ్గర చాయ్ హోటలు ముందు పొద్దున ఏడింటికి నిలబడ్డ మగవాణ్ని “ఎందుకు నిలబడ్డవ్?” అని ఎవరూ అడగరు. కల్లు కాంపౌండు నుంచి వస్తున్నవాణ్ని మోకాళ్ల నొప్పి చీటీ చూపించమనరు.

‘వై లోయిటర్’ అనే పుస్తకం 2011లో వచ్చింది. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి ముంబై మీద రాశారు. ఆడవాళ్లకు వీధిలో భద్రత ఇస్తే చాలదు, పని లేకుండా వీధిలో నిలబడే హక్కు కూడా ఉండాలని వాళ్ల వాదన. ఆ పుస్తకంలోని భాగాలు నేను క్లాసులో చెప్పాను. అమ్మాయిలు శ్రద్ధగా రాసుకున్నారు. అదే నోటితో ఇంటికొచ్చి మా అమ్మను “ఏం పనుండె?” అన్నాను. ముంబై సముద్రపు ఒడ్డున కూర్చునే హక్కు గురించి చెప్పగలిగినదానికి కల్వకుర్తి బస్టాండు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ మార్చిలో ఒక సదస్సులో ఉచిత ప్రయాణాన్ని సమర్థిస్తూ నేను పత్రం చదివాను. పోలేపల్లి సెజ్‌లో ఔషధ కంపెనీలకు పనికి పోయే ఆడవాళ్లకు దారిఖర్చు మిగులుతుంది, డిగ్రీ మధ్యలో మానేసే అమ్మాయిలు తగ్గుతారు, గర్భిణులు దవాఖానకు వేళకు పోతారు అని రాశాను. 2019లో ఢిల్లీ, 2021లో తమిళనాడు, 2023 జూన్‌లో కర్ణాటక ఇట్లాంటి పథకాలు పెట్టినప్పుడూ వాటి తరఫున మాట్లాడినవాళ్లు ఎక్కువగా ఈ కారణాలే చెప్పారు. అన్నీ సరైనవే. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ కారణాలన్నీ బస్సులో పెద్దమనిషికి జవాబులే. “మేం ఊరికే తిరగడం లేదు సార్, పని మీదనే తిరుగుతున్నాం” అని ఆయనకు దండం పెట్టి చెప్పుకోవడమే. ఊరికే తిరగడం నేరమని ముందే ఒప్పేసుకుని, ఆ నేరం మేం చేయలేదని సాక్ష్యాలు చూపించాను. మా అమ్మ చేసిందీ అదే. నాది పత్రం, ఆమెది మోకాలు.

సంచి దొరికిన రాత్రి మళ్లీ అడిగాను. ఈసారి అధికారిలాగా కాదు.

“కల్వకుర్తిల ఏం జేసిండ్రే?”

ఆమె కాసేపు నా ముఖం చూసింది. “ఏం జెయ్యలే బిడ్డా. నేను, ఆ ఇద్దరు వదినెలు పోయినం. బస్టాండ్ల కూసున్నం. మిర్చీలు తిన్నం, చాయ్ తాగినం. పల్లికాయ కొనుక్కొని మల్ల బస్సెక్కినం.”

“మిర్చీలు మంచిగుండెనా?”

“ఎవరో చేసిరి, మేం కూసోని తింటిమి. మంచిగుండదా?”

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. యాభై ఏళ్లకు పైగా రొట్టెలు కొట్టిన చేతులు అవి. జొన్నరొట్టె పొయ్యి మీది నుంచి వేడిగా దిగుతుంటేనే తినాలి, అందుకే రొట్టె చేసే మనిషి వేడి రొట్టె ఎప్పుడూ తినదు. అందరికీ అయ్యాక చివరిది, చల్లారినది ఆమెది. పచ్చిపులుసు గిన్నె అడుగున మిగిలితే అదీ ఆమెదే. అట్లాంటి మనిషి ముందు ఎవరో ఒకరు సలసల కాగే నూనెలోంచి తీసి, ఉల్లిగడ్డ చల్లి, నిమ్మకాయ పిండి, కాగితంలో పెట్టి “తీస్కో అమ్మా” అన్నారు. వేడిది, మొదటిది, తన వంతుగా. ఆ పది రూపాయల బజ్జీలో రుచి ఒక్కటే కాదు ఉన్నది.

ఆ ఇద్దరు వదినెల్లో ఒకామె మా ఇంటికి వస్తే అరుగు మీదనే కూర్చుంటుంది, మంచినీళ్లు ముట్టదు. అమ్మ కూడా వాళ్లింట్లో ఏమీ తినదు. తెలిసిన కులపు లెక్కలే. కల్వకుర్తిలో ముగ్గురూ ఒకే కాగితంలోంచి తిన్నారు. ఊరికి వచ్చాక మళ్లీ ఎవరి గడప వాళ్లదే అయింది. బజ్జీ తింటే కులం పోతుందని నేను అనను. ఊళ్లో ఇళ్లు ఇవ్వని చోటొకటి బస్టాండులో వాళ్లకు దొరికింది, అంతే.

అయితే బస్సు ఊరికే రాదు. దాని ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి. ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఉంది. మా చిన్నమ్మ కొడుకు జడ్చర్లకూ చుట్టుపక్కల ఊళ్లకూ మధ్య ఆటో నడుపుతాడు. పథకం వచ్చాక గిరాకీ పడిపోయింది. రాష్ట్రమంతా ఆటోవాళ్లు ధర్నాలు చేస్తున్న ఆ రోజుల్లో ఇంటికొచ్చి కూర్చున్నాడు. “అక్కా, పెద్దమ్మ తిరుగుతున్నది నా కడుపు మీదికెల్లి” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఫైనాన్సు కిస్తీ కట్టని ఆటో బయట నిలబడి ఉంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు అమ్మ చెప్పింది. “నేనెన్నడు ఎక్కిన్రా నీ ఆటో? పైసలు పెట్టి కల్వకుర్తి పోయేదాన్నా నేను?” నిజమే. చేతిలో డబ్బు పెట్టి ఆమె ఎన్నడూ ఊరికే తిరగలేదు. ఆమె అతని గిరాకీ ఎప్పుడూ కాదు. రోజూ పొద్దున అతని ఆటో ఎక్కి కాలేజీ బస్సు అందుకున్నది నేను. కంపెనీకి పోయే ఆడవాళ్లు, టౌన్లో చదివే పిల్లలు ఎక్కారు. పని మీద తిరిగేవాళ్లం బస్సెక్కితేనే అతని ఆటో ఖాళీ అయింది. తమ్ముడి కడుపు మీద పడ్డ దెబ్బ గౌరవమైన ప్రయాణాలదే. కానీ నిందంతా ఎవరి మీద పడిందో చూడండి. ఆటోవాడి కష్టాన్ని తలచుకుని బస్సులో బాధపడే పెద్దమనిషి నన్ను ఏమీ అనడు, పల్లికాయలు ఒలుచుకుంటున్న ముసలామెను అంటాడు.

తమ్ముడి నష్టం నిజం. దాన్ని తీర్చవలసింది పథకం పెట్టిన ప్రభుత్వం. అది అడగడంలో నేను అతని పక్కనే ఉంటాను. దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న ప్రశ్న న్యాయమైనది. దాన్ని పాలకులను అడగాలి, గట్టిగా అడగాలి. ఎందుకు పోయినవన్నది ఇంకో ప్రశ్న. దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి, మొదటిదానికి రావలసిన జవాబును ఆడదాని దగ్గర వసూలు చేయడం మనకు అలవాటైంది. పేదరాలి సంతోషానికి డబ్బు ఖర్చయితే అది దుబారా అనిపిస్తుంది. ఆమె కష్టానికి ఖర్చయితే సంక్షేమం అనిపిస్తుంది. అంటే ఆమె కష్టపడుతున్నంత కాలమే మన జాలికి అర్హురాలన్నమాట.

2025 మేలో హైదరాబాదులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు కొందరు పోటీదారులను మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి తీసుకొచ్చారు. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడి, సెలైన్ సీసాలతో మందెక్కించి బతికించుకున్న మర్రి అది. వాళ్లు చెట్టు చూశారు, ఫోటోలు దిగారు. ఎందుకొచ్చారని వాళ్లనెవరూ అడగలేదు. వాళ్ల శరీరాలతో ఆ పోటీ చేసే వ్యాపారం మీద మనకున్న అభ్యంతరాలు అట్లాగే ఉన్నాయి, అది వేరే చర్చ. నాకు తోచింది చిన్న సంగతి. ఆ రాకకు ప్రభుత్వం పెట్టిన పేరు పర్యాటకం. అదే దారిలో మా అమ్మ పోతే దాని పేరు తిరుగుడు.

2025 అక్టోబర్‌లో అమ్మ నన్ను కూడా రమ్మంది. సీతాఫలాల కాలం. బాలానగర్ పేరు మీద దేశమంతా తెలిసిన సీతాఫలం రకం ఒకటుంది. ఆ బాలానగర్ మాకు బస్సులో అరగంట. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లు తిరగడానికి రాలేదు, అమ్మడానికి వచ్చారు. ఆ తేడా నాకు కనబడుతూనే ఉంది. అమ్మ ఒకామె దగ్గర బేరం చేయకుండా అరడజను కొని, అక్కడే గట్టు మీద కూర్చుని, ఒకటి విప్పి సగం ఆ అమ్మే ఆమెకే ఇచ్చింది. ఆమె నవ్వి తీసుకుంది. ఇద్దరూ గింజలు ఊస్తూ ఎవరి కోడళ్ల సంగతి వాళ్లు చెప్పుకున్నారు.

నేను మాత్రం ఫోన్ తీసి ఫోటో తీశాను. సంచిలోంచి పుస్తకం తీసి రెండు మాటలు రాసుకున్నాను. అమ్మ చూసింది. “దీన్ని గూడ రాస్తవా?” అంది. దొరికిపోయినట్టయింది. ఆ పూటను కూడా పనికొచ్చేట్టు చేసుకుంటున్నాను. ఈ వ్యాసమే దానికి సాక్ష్యం. చదువు నాకు చాలా ఇచ్చింది గానీ ఊరికే కూర్చోవడం ఇవ్వలేదు. అది అమ్మ దగ్గర నేర్చుకోవలసే ఉంది.

పుస్తకం సంచిలో పెట్టి ఒక సీతాఫలం తీసుకున్నాను. తిరుగు బస్సులో పక్క సీటామె అమ్మను పలకరించింది. “యాడికి పోయొస్తుండ్రు పెద్దమ్మా, దవాఖానకా?”

అమ్మ నా దిక్కు చూసింది. తర్వాత ఆమెతో అంది. “లేదమ్మా. ఊకనే.”