గురుభక్తుల కొండపై ఒక ధర్మసందేహము

తీర్థయాత్రకు పోయినవారు అచ్చటి నుండి ఏమి తెచ్చుకొనవచ్చును, ఏమి తెచ్చుకొనరాదు అను విచారము మన పెద్దలకు కొత్తది కాదు. ప్రసాదము తెత్తుము, తీర్థము తెత్తుము, అక్షతలు తెత్తుము. నిర్మాల్యమును కన్నుల కద్దుకొని పారునీటిలో విడుతుము. దేవుని సొమ్మును మాత్రము గవ్వంతయైనను ఇంటికి తేము. ఇంతవరకు అందరకు తెలిసినదే. పూజ నిలిచిపోయి, వేరొక మతమువారు విడిచిపోయిన చోటైనచో అచ్చటి వస్తువు ఎవరిది? ఈ సందేహము ఒక ఇటుక రూపమున మా ఇంటి అరుగుమీదికి వచ్చినది.

శృంగవరపుకోటలో మా వీధి గృహస్థు ఒకడు భీష్మైకాదశినాడు రామతీర్థమున స్వామివారి కల్యాణమును సేవించి మరునాడు తిరిగివచ్చెను. చేతిలో కొత్త తువ్వాలున చుట్టిన మూట యున్నది. విప్పి చూపెను. వెడల్పైన పాత ఇటుక.

“ఆచార్యులుగారూ! ఇది గురుభక్తుల కొండమీద దొరికిందండి. పూర్వం ఋషులుండిన చోటంట. కొత్తగా కట్టే తులసికోట అడుగున పెడదామని తెచ్చాను. మంచిదే కదండీ?”

అతని కన్నులలో భక్తియే కాని దురాశ లేదు. కావుననే బదులు చెప్పుట నాకు కష్టమైనది. “రేపు చెబుతాను నాయనా. అంతవరకు దీన్ని ఇక్కడే ఉండనీ” అంటిని. ఆ రాత్రి నేను విచారించినదానినే పాఠక మహాశయుల ముందుంచుచున్నాను.

మొదట ఆ కొండను గూర్చి తెలిసికొనవలెను. రామతీర్థము విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలమున కలదు. స్వామివారి విగ్రహములు నీటిలో లభించినవి గావున తీర్థమను పేరు వచ్చినదని స్థలపురాణము. పూసపాటి ప్రభువుల సేవలందుకొన్న దివ్యస్థలము. ఆ చెంతనే బోడికొండ, దుర్గకొండ, గురుభక్తుల కొండ అని మూడు రాతికొండలున్నవి. మూడవదానిపై ఒక సన్నని చదునున ఇటుకలతో కట్టిన స్తూపము, చైత్యములు, భిక్షువుల గదులు శిథిలములై యున్నవి. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే వీనిని త్రవ్వించగా, 1910–11 సంవత్సరపు ఆ శాఖ నివేదికలో వీని వర్ణన వెలువడెను. క్రీస్తు శకపు తొలి శతాబ్దులలో బౌద్ధ సంఘము ఇచ్చట నివసించినది. మా గృహస్థు ఋషులుండిన చోటనుకొన్నది ఈ విహారమే.

విహారమన నేమి? వానకాలమున భిక్షువులు ఊరూర తిరుగుచు పచ్చికను, పురుగులను త్రొక్కరాదని బుద్ధుని నియమము. ఆ వర్షావాసమునకై ఏర్పడిన వసతియే క్రమముగా విహారమైనది. మన యతీశ్వరులు పాటించు చాతుర్మాస్యమును ఇట్టిదే. మతము వేరైనను, వానలో తడియుచున్న సన్న్యాసికి తలపై ఒక కప్పు కావలెనని తలచిన గృహస్థుని హృదయము వేరు కాదు. ఆ ఇటుకలు కాల్చినవాడెవడో, కొండపైకి మోసినవాడెవడో, ధనమిచ్చినవాడెవడో మనకు తెలియదు. కాని వారు ఇచ్చిరి. ఆ ఇచ్చుటయే మన విచారమునకు మూలము.

పిమ్మట ఆ కొండల వాడుక మారెను. దుర్గకొండ గుహలలో జైన తీర్థంకరుల విగ్రహములున్నవి. అచ్చటనే కన్నడ భాషలో ఒక శాసనము కలదు. తూర్పు చాళుక్య ప్రభువగు విమలాదిత్యుని గురువు, దేశిగణాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవముని, రామకొండకు భక్తితో వందన మొనర్చెనని అది తెలుపును. ఈ విమలాదిత్యుడు రాజరాజ నరేంద్రునకు తండ్రి. ఆ నరేంద్రుని కొలువుననే నన్నయ భట్టారకుడు ఆంధ్ర మహాభారతమునకు శ్రీకారము చుట్టెను. అనగా 11వ శతాబ్ది ఆరంభముననే ఆ కొండకు రాముని పేరున్నది. ఆ పేరుగల కొండకు ఒక జైనముని తల వంచెను. ఈ సంగతి మొదటిసారి చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. ఆయన మన రాముని కొలిచెనని నేననను. తన తీర్థంకరులకే మ్రొక్కియుండును. అయినను రాముని పేరు విని ముఖము త్రిప్పుకొనలేదు.

మరల వాడుక మారెను. జైనులు తగ్గిరి. విహారము పొదలపాలయ్యెను. పసులకాపరులు వానకు గుహలలో తలదాచుకొనియుందురు. వనవాసమున పాండవులు ఇచ్చట ఉండిరని జనులు చెప్పుకొనిరి. కొండక్రింద శ్రీరామచంద్రుని కోవెల యాత్రాస్థలమై వెలుగొందెను. నేడా విహారము నివాసమును కాదు, పూజాస్థలమును కాదు. చూడవచ్చినవారికి పూర్వకథ చెప్పు శిథిలము. ఒక్క కొండకు ఇన్ని జన్మములు. గురుభక్తులను పేరు మాత్రము నిలిచినది. ఏ గురువో ఏ భక్తులో జనము మరచెను. గురువును సేవించినవారు ఇచ్చట ఉండిరని మాత్రము మరువలేదు.

ఇట్టి మేలు అంతటను జరుగలేదు. అనకాపల్లి చెంత శంకరమను గ్రామము కలదు. సంఘారామమను మాటయే అరిగి శంకరమైనది. అచ్చటి బొజ్జన్నకొండ, లింగాలకొండలయందు రాతిలో తొలిచిన గుహలు, స్తూపములు, ఇటుక విహారము ఉన్నవి. 1907–08 ప్రాంతమున రే గారే వీనిని త్రవ్వించగా సముద్రగుప్తుని బంగారు నాణెము కూడ లభించెను. జనులు రాతిస్తూపములను శివలింగములని తలచి లింగాలకొండ అని పేరుపెట్టిరి. అది భక్తితో చేసిన పొరపాటు. రెండవది అట్టిది కాదు. బొజ్జతో నున్న ఒక విగ్రహమును రాక్షసుడని భావించి, కనుమనాడు చుట్టుపట్ల జనులు చేరి రాళ్లు రువ్వుట ఆచారమయ్యెను.

పాఠశాలలో చదువుకొను దినములలో ఒక కనుమకు బంధువుల ఇంటికి పోయి నేనును ఒక రాయి విసరితిని. గురి తప్పలేదని సంతోషించితిని. తిరిగివచ్చి తోడి విద్యార్థులతో గొప్పగా చెప్పుచుండగా మా గురువుగారు వినిరి.

“ఎవరి మీద వేశావురా?”

“బొజ్జన్న మీదండి.”

“ఆయన నిన్నేం చేశాడు?”

నాకు బదులు తోచలేదు. “పూర్వపక్షం తెలియనివాడికి ఖండించే అధికారం లేదు. కూర్చుని పాఠం చదువు” అనిరి. కొట్టలేదు, తిట్టలేదు. చరిత్రాభిమానుల కృషి వలన ఆ ఆచారము ఇటీవలి కాలమున వెనుకబట్టినది. నా చేతి రాయి మాత్రము నా మనస్సున మిగిలినది.

ఇక సందేహమునకు వత్తము. విడిచిపోయిన వస్తువునకు యజమాని లేడు గదా, తెచ్చుకొన్న దోషమేమి అని మొదటి వాదము. పురావస్తువులను తరలించుట చట్టము ఒప్పదు, అది యటుండనిండు. మన రాజులు దానశాసనముల చివర, తామిచ్చిన భూమినైనను ఇతరులిచ్చిన భూమినైనను అపహరించువానికి ఘోరపాపము చెప్పించిరి. ఇతరులిచ్చినదియు అను మాటను గమనింపుడు. ఇచ్చినవాడే మతమువాడని, పుచ్చుకొన్నవాడే మతమువాడని అందు విచారణ లేదు. పుచ్చుకొన్నవారు పోయినను ఇచ్చినవాని సంకల్పము పోదు. కావున విహారపు ఇటుక దిక్కులేనిది కాదు; పరదత్తము.

వారు వేదబాహ్యులు గదా, వారి వస్తువునకు మర్యాద యేల అని రెండవ వాదము. భగవద్రామానుజులు శ్రీభాష్యమున బౌద్ధ జైన మతములను ఖండించిరి, నిజము. ఖండించుటకు ముందు వారి వాదమును క్రమముగా నిలిపి, దాని బలమును చూపి, పిదప బదులు చెప్పిరి. శాస్త్రమున ప్రతివాదికి ముందు ఆసనము, తరువాతనే సమాధానము. సిద్ధాంతమును వాక్కుతో జయింతురు. ఇటుకను పెరికి జయించుట వాదము కాదు. మరియు భాగవతము ఋషభదేవుని, బుద్ధుని అవతారములలో లెక్కించినది. బుద్ధావతారము అసురులను మోహింపజేయుటకని చెప్పిన మాటయు నిజమే. అయినను ఆ రూపము ధరించినవాడు శ్రీమహావిష్ణువే అని నమ్ముచు, ఆ రూపముపై రాయి వేసినచో ఎవరిపై వేసినట్లు?

తిరుమంగై ఆళ్వారు నాగపట్టణపు బౌద్ధ విహారమునుండి బంగారు బుద్ధవిగ్రహమును తెచ్చి, ఆ ధనముతో శ్రీరంగమున ప్రాకార కైంకర్యము చేసిరని మన గురుపరంపరయే చెప్పుచున్నది గదా అని తెలిసినవారు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే, దాచుటవలన ప్రయోజనము లేదు. ఆ కథ ఆళ్వారుల అనన్యభక్తిని స్తుతించు అర్థవాదము. మనకు విధి కాదు. మహాత్ముల మాటలు అనుసరింపదగినవి, చేతలన్నియు కావని శుకమహర్షి పరీక్షిత్తునకు చెప్పినదే ఇచ్చటను సమాధానము. అదే నాగపట్టణమున శ్రీవిజయ ప్రభువు కట్టించిన చూడామణి విహారమునకు, శివభక్తుడగు రాజరాజ చోళుడు ఆనైమంగలమను గ్రామము నిచ్చెను. తన దైవము తనకుండగా పరుల దీపమునకును ఆయన నూనె పోసెను. అచ్చట చివరకు మిగిలిన ఇటుక గోపురమును 1867లో పడగొట్టిరి.

అట్లయినచో ఏ స్థలమును మార్పు చెందరాదా, విహారమున్న చోట రామకల్యాణము జరుగరాదా అని మూడవ వాదము. అట్లు కాదు. కాలము నడచుచుండగా స్థలము మారక తప్పదు. కూల్చి మార్చుట ఒకటి, మరచి మార్చుట ఒకటి, మ్రొక్కి మార్చుట ఒకటి. అమరావతి స్తూపపు చలువరాతి ఫలకములు కొన్ని కట్టడములలోనికి, కొన్ని సున్నపు బట్టీలలోనికి పోయినవి, అది కూల్చుట. శంకరమున జరిగినది మరచుట. రామకొండకు జైనముని వందనము చేసినది మూడవది. ఆయన క్రొత్త వాడుకతో వచ్చెను, పాత పేరును నిలిపెను. ధర్మమార్గమదియే.

మన సంప్రదాయమున సమస్తమును శేషము, భగవానుడొక్కడే శేషి. మన కోవెల సయితము మనది కాదు; కైంకర్యమునకై మన చేతికి వచ్చినది. కావున మనకు ముందుండినవారికి మనము ఋణపడినవారము, మన తరువాత వచ్చువారికి న్యాసమును కాపాడువారము. పరుల న్యాసమును కాపాడలేనివాడు తన న్యాసమును కాపాడునని నమ్ముటెట్లు?

2020 డిసెంబరు చివర, బోడికొండమీది ఆలయమున కోదండరామస్వామి విగ్రహపు శిరస్సును దుండగులు ఖండించిరి. ఆ వార్త వచ్చిననాడు మా ఇంట పొయ్యి రాజలేదు. 2022 ఏప్రిల్ నెలలో నూతనాలయమున ప్రతిష్ఠ జరిగి మన మనస్సులు కొంత కుదుటబడినవి. ఆ దుఃఖములో నాకు నా చిన్ననాటి రాయి మరల కనబడెను. ఆ బొజ్జన్నను సయితము ఒకనాడు ఎవడో స్నానము చేసి, పూవులు తెచ్చి అర్చించియుండును. మన దుఃఖమును లోకము చూచినది. వాని దుఃఖమును చూచుటకు ఎవరును మిగులలేదు. భేదమంతియే.

మరునాడు గృహస్థు వచ్చినపుడు ఈ శాస్త్రమంతయు చెప్పలేదు. “నాయనా! వానలో తడిసే సన్న్యాసులకోసం ఎవరో పుణ్యాత్ముడిచ్చిన ఇటుక ఇది. నీ తులసికోటకు నీవిచ్చిన ఇటుకే ఉండాలి” అంటిని. అతడు కొంతసేపు తల వంచుకొని నిలిచెను. పిదప దానిని మరల తువ్వాలున చుట్టుకొని, “మరి పొరపాటున తెచ్చినందుకు ప్రాయశ్చిత్తమేమిటండీ?” అనెను. “ఎక్కడ తీశావో అక్కడ పెట్టి, ఒక నమస్కారం చేసి రా. నా పేరు చెప్పి రెండోది చేయి” అంటిని.

ఆ శనివారము అతడు పోయి ఇటుకను కొండపై దాని చోట ఉంచి, దిగువన స్వామిని సేవించి వచ్చెను. తులసికోట కొత్త ఇటుకలతోనే లేచినది. రామతీర్థమునకు పోవు యాత్రికులు కోవెలలో శ్రీరామచంద్రుని సేవించిన పిదప ఒక్క నిమిషము ఆ కొండవైపు తిరిగి చేతులు జోడింతురుగాక. మనకు ముందు వచ్చినవారి ఋణమును మరువని బుద్ధిని, పరదత్తమును కాపాడు శక్తిని ఆ కోదండపాణి మనకు ప్రసాదించుగాక.