కరవది నుంచి శ్రీరంగానికి

పియానో మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. 88 మెట్లూ ముందే శ్రుతి చేసి ఉంటాయి. నాదస్వరానికి మాత్రం వేళ్లు ఆడే రంధ్రాలు ఏడే. మిగతా స్వరస్థానాలను రంధ్రం సగం మూసి, ఊపిరి బిగువు మార్చి, పెదవులతో సీవాళిని (నోట పెట్టుకునే పీకను) అదిమి రాబట్టాలి. సరళీవరుసలు మూడు కాలాల్లో ఏళ్ల తరబడి సాధన చేయించేది ఇందుకే.

ఆ సాధనకు పెట్టింది పేరు నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా.

1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో, తరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న ముస్లిం కుటుంబంలో పుట్టారు. మొదట తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల ముందు మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. చేతికొచ్చిన విద్యను పక్కనపెట్టి కొత్త పాఠం మొదలుపెట్టడం ఎంత కష్టమో వాద్యం పట్టినవారికి తెలుసు. ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఇదే.

తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి తానే గురువయ్యారు. ఆయన శిష్యులైన దంపతులు షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడవాళ్లు అరుదుగా పట్టే ఈ వాద్యాన్ని కాలీషాబీ భర్తతో సమంగా కచేరీల్లో వాయిస్తున్నారు.